చేతిలో ఇమిడిన లేబరేటరీ - దాని మాట ఎంతవరకు నమ్మాలి?

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య గోష్ఠి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఈ విషయం నాకు అప్పగిస్తూ, "మన సభ్యుల్లో చాలామంది ఇళ్ళల్లో షుగరు మిషనో, బి.పి. మిషనో ఉంది. పిల్లలు అమెరికా నుంచి చేతి గడియారాలు కూడా పంపుతున్నారు. అవి చెప్పే అంకెల్ని ఎంతవరకు నమ్మాలో చెప్పండి, అదే పదివేలు" అన్నారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఆసుపత్రి లేబరేటరీలో ముప్పై రెండేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కనుక మందుల జోలికి పోను. కొలత జోలికి మాత్రమే పోతాను. ఏ కొలత ఎలా వస్తుంది, ఎక్కడ తప్పుతుంది, తప్పితే మనకు ఏం నష్టం అన్న మూడు ముక్కలే ఈ రోజు నా ప్రసంగం.

స్పిరిటు దీపం రోజులు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో షుగరు పరీక్ష అంటే మూత్ర పరీక్షే. టెస్ట్ ట్యూబులో అయిదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచేవాళ్ళం. నీలం అలాగే ఉంటే షుగరు లేనట్టు. ఆకుపచ్చ అయితే కొద్దిగా, పసుపయితే ఎక్కువగా, ఇటుక రంగుకు తిరిగితే చాలా ఎక్కువగా ఉన్నట్టు. ఇది చవకైన పద్ధతే కానీ, రక్తంలో గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే గానీ సాధారణంగా మూత్రంలోకి దిగదు. పైగా మూత్రం కొన్ని గంటల కిందటి కథ చెబుతుంది, ఇప్పటి సంగతి కాదు. షుగరు పడిపోయిన మనిషి సంగతి అసలే చెప్పదు.

రక్త పరీక్షకు ఫ్లోరైడు వేసిన సీసాలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసేవాళ్ళం. రసాయనం కలిపి, మరిగే నీళ్ళలో పెట్టి, వచ్చిన రంగు ఎంత చిక్కగా ఉందో కలరీమీటరులో చూసేవాళ్ళం. ఆర్థోటోలుడిన్ పద్ధతిలో పనిచేసిన వాళ్ళకు ఆ ఎసిటిక్ ఆమ్లం ఘాటు ఇప్పటికీ ముక్కుకు గుర్తుండే ఉంటుంది. రంగును బట్టి పదార్థాన్ని కొలిచే ఈ విద్యలో మన తెలుగువాడి చేయి కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ప్రపంచమంతా లేబరేటరీల్లో అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా నిలిచిపోయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పరీక్షలో రోగి ఉదయం రక్తం ఇస్తే సాయంత్రానికి గానీ, మర్నాటికి గానీ జవాబు వచ్చేది కాదు. ఇవాళ అయిదారు సెకన్లలో వస్తోంది. ఆ మార్పు ఒక్క రోజులో రాలేదు.

బయోసెన్సరు అంటే

బయోసెన్సరు అన్న పేరు పెద్దదే కానీ, అందులో ఉన్నవి రెండే పనులు. ఒకటి, కావలసిన పదార్థాన్ని గుర్తుపట్టే జీవ పదార్థం. రెండు, ఆ గుర్తింపును విద్యుత్తుగానో వెలుతురుగానో మార్చి అంకెగా చూపించే యంత్రం. మొదటిది కన్ను అనుకుంటే, రెండోది నోరు.

అమెరికా శాస్త్రజ్ఞుడు లేలండ్ క్లార్క్ 1956లో రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడును ప్రకటించాడు. 1962లో లయన్స్‌తో కలిసి ఇంకో అడుగు వేశాడు. ఆ ఎలక్ట్రోడు ముందు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఒక పొరగా పెడితే, అది గ్లూకోజును పట్టుకుని ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది, ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తే ఎంత గ్లూకోజు ఉందో తెలుస్తుందన్నాడు. బయోసెన్సర్ల పితామహుడని ఆయనను అందుకే అంటారు. 1975లో ఈ సూత్రం మీద గ్లూకోజు కొలిచే యంత్రం అమ్మకానికి వచ్చింది. అది లేబరేటరీ బల్ల మీద ఉండేదే, జేబులో పట్టేది కాదు.

మరో పక్క రంగు మారే కాగితం పట్టీలు వచ్చాయి. 1965లో డెక్స్ట్రోస్టిక్స్ అనే పట్టీ వచ్చింది. దాని మీద రక్తపు చుక్క వేసి, ఒక నిమిషం ఆగి, నీళ్ళతో కడిగి, రంగును అట్ట మీద రంగులతో పోల్చుకోవాలి. ఆ రంగును కంటితో కాకుండా యంత్రంతో చదివే మీటరు 1970 ప్రాంతంలో వచ్చింది. దాదాపు కిలో బరువుండేది, డాక్టర్ల కోసమే అమ్మేవారు. 1987లో పెన్ను ఆకారంలో మీటరు వచ్చింది. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుల పరిశోధన దీనికి ఆధారం. ఇందులో రంగుల ఊసు లేదు. ఎంజైము గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. ఫెర్రోసీన్ అనే పదార్థం కూలివాడిలా వాటిని మోసుకెళ్ళి ఎలక్ట్రోడుకు అందిస్తుంది. ఎంత గ్లూకోజు ఉంటే అంత విద్యుత్తు. మీ ఇంట్లో మీటరు సూత్రం ఇంచుమించు ఇదే. ఈ ఎంజైమును ఉల్లిపాయ పొరల మీద కనిపించే నల్ల బూజు నుంచి తీస్తారంటే కొందరు నమ్మరు, కానీ అది నిజం.

కనుక తెలుసుకోవలసింది ఏమంటే, అసలు లేబరేటరీ మీటరులో లేదు, స్ట్రిప్పులో ఉంది. మీటరు లెక్క చూసే గుమాస్తా మాత్రమే. మీటరు ఖరీదైనది కొని, స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వంటింటి గట్టున వదిలేస్తే లాభం లేదు. ఎంజైముకు వేడి, తేమ పడవు. మన కోస్తా ఉక్కపోతలో మూత తీసి ఉంచిన డబ్బా తొందరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడమూ తప్పే, బయటికి తీసినప్పుడు చెమ్మ పడుతుంది. గడువు తేదీ దాటిన స్ట్రిప్పు, పరీక్ష కాదు, జూదం.

అంకెకు అటూ ఇటూ

2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మంచి గ్లూకోమీటరు అంటే, షుగరు 100 లేదా అంతకు మించి ఉన్నప్పుడు నూటికి తొంభై అయిదు సార్లు, అసలు విలువకు 15 శాతం అటూ ఇటూలో చూపాలి. 100 కంటే తక్కువ ఉంటే 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ. అంటే మీ అసలు షుగరు 140 అయితే, మీటరు 119 చూపినా 161 చూపినా ప్రమాణం ప్రకారం అది మంచి మీటరే.

ఇది తెలియక మన వాళ్ళు ఎంత క్షోభ పడతారో చూడండి. నిన్న 132, ఇవాళ 144. "రాత్రి ఒక్క చపాతీ ఎక్కువ తిన్నాను, చూశారా!" అని బాధ. ఆ రెండు అంకెలకూ మధ్య తేడా లేదనే అనుకోవాలి. అదే 132 స్థానంలో వరుసగా వారం రోజులు 190, 200 వస్తుంటే అది మాత్రం కబురు. ఒక్క అంకెను కాదు, అంకెల వరసను చూడాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1సి. పరీక్ష లేబరేటరీలో చేయించుకోవడం ఈ మీటరు వల్ల తప్పిపోదు.

ఇక తప్పు ఎక్కడెక్కడ వస్తుందో చెబుతాను. మొదటిది, వేలు. మా కాలనీలో ఒక పెద్దాయన, రెవెన్యూలో చేసి రిటైరయ్యారు, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఒక వేసవి సాయంత్రం మామిడిపండు కోసి ఇంటిల్లిపాదికీ పెట్టి, చేతులు తువ్వాలుతో తుడుచుకుని షుగరు చూసుకున్నారు. 312 వచ్చింది. మీటరు నుంచి ఆ అంకె ఫోనులోకి, ఫోను నుంచి అమెరికాలో ఉన్న కొడుకు ఫోనుకు వెళ్ళిపోయింది. అక్కడ తెల్లవారుతోంది. కొడుకు కంగారుగా ఫోను చేసి, "నాన్నా, ఇంకో ఆరు యూనిట్లు వేసుకో" అన్నాడు. ఆయన సూది సిద్ధం చేసుకుంటుంటే ఆయన భార్య, "ఏమండీ, ఆ జిడ్డు చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంకో వేలు మీద మళ్ళీ చూడండి, కొంప మునిగేదేం లేదు" అన్నారు. చూస్తే 168. ఆయన పండు ముక్క కూడా తినలేదు, కోశారంతే. వేలి మీద మిగిలిన పండురసంలో ఉన్న చక్కెరను మీటరు నిజాయితీగా కొలిచింది. యంత్రం తప్పు లేదు. కానీ ఆ ఆరు యూనిట్లు వేసుకుని పడుకుంటే ఆ రాత్రి ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

అందుకే చెబుతున్నాను. సబ్బుతో కడగాలి, బాగా తుడవాలి, తడి ఉంటే రక్తం పలచబడి తక్కువ చూపుతుంది. వేలిని గట్టిగా పిండకూడదు. ఊహించని అంకె వస్తే, మందు ముట్టుకునే ముందు మళ్ళీ చూడాలి.

రెండోది, రక్తహీనత. రక్తంలో ఎర్రకణాలు తక్కువగా ఉంటే చాలా మీటర్లు ఉన్నదాని కంటే ఎక్కువ షుగరు చూపుతాయి. రక్తహీనత, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఈ సంగతి డాక్టరుగారికి గుర్తు చేయాలి. పొట్టలో ద్రవం నింపి చేసే డయాలసిస్‌లో వాడే ఒక పదార్థం వల్ల కొన్ని రకాల స్ట్రిప్పులు తప్పుడు అంకె ఇస్తాయని అమెరికా ఎఫ్.డి.ఎ. 2009లోనే హెచ్చరించింది. ఆ చికిత్సలో ఉన్నవాళ్ళు ఏ స్ట్రిప్పు వాడాలో అడిగి తెలుసుకోవాలి.

మూడోది, లేబరేటరీతో పోల్చడం. "లేబరేటరీ వాళ్ళు 118 అన్నారు, నా మీటరు 151 అంది" అని చాలామంది తగవుకు వస్తారు. ఎప్పుడు చూశారయ్యా అంటే, రక్తం ఉదయం ఇచ్చి, ఇడ్లీ తిని, ఇంటికొచ్చి చూశామంటారు. రెండూ పరగడుపున, అయిదు నిమిషాల తేడాలో చూడాలి. భోజనం చేశాక వేలి రక్తంలో షుగరు నరం రక్తంలో కంటే ఎక్కువే ఉంటుంది. అలాగే ఫ్లోరైడు లేని సీసాలో రక్తం గంటల తరబడి ఉండిపోతే, కణాలే అందులోని గ్లూకోజును తింటాయి, లేబరేటరీ అంకె తగ్గిపోతుంది. కాబట్టి తప్పు ప్రతిసారీ మీటరుదే కాదు. మా వృత్తి వాళ్ళదీ కావచ్చు.

మన వయసులో అసలు ప్రమాదం

మిత్రులారా, మన వయసు వాళ్ళకు షుగరు కొంచెం ఎక్కువ ఉండటం కంటే హఠాత్తుగా పడిపోవడం తక్షణ ప్రమాదం. 70 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం, చికాకు. ఇన్సులిన్ వాడేవాళ్ళకు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు ఈ భయం ఎక్కువ. బి.పి. కోసం, గుండె కోసం వాడే బీటా బ్లాకర్ మాత్రలు దడను, వణుకును కప్పిపుచ్చవచ్చు. చెమట మాత్రం సాధారణంగా పడుతుంది, అదే గుర్తు.

గ్లూకోమీటరు మనకు చేసిన అన్నిటికంటే పెద్ద ఉపకారం ఇక్కడే. "నీరసంగా ఉంది" అన్నమాటకు వెనుక షుగరు పడిందా, పెరిగిందా అన్నది ఇంట్లోనే తేలుతుంది. పడితే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. మీటరు దొరక్కపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోవద్దు, ముందు పంచదార. ఈ నాలుగు వాక్యాలు మీ ఇంట్లో మీరు కాక ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ సమయంలో మన బుర్ర మనకు పనిచేయదు.

భుజానికి అంటించే బిళ్ళ, చేతికి కట్టే గడియారం

ఇటీవల కొందరు భుజం వెనుక రూపాయి బిళ్ళంత పరికరం అంటించుకుంటున్నారు. దాని అడుగున సన్నని తీగ చర్మం కిందికి దిగి, పది పదిహేను రోజులు అక్కడే ఉండి, కొద్ది నిమిషాలకొకసారి షుగరు కొలిచి ఫోనుకు పంపుతుంది. ఇలాంటి దానికి అమెరికాలో మొదటి అనుమతి 1999లో వచ్చింది. ఇది నిజమైన బయోసెన్సరే, లోపల అదే ఎంజైము ఉంది. అయితే ఇది కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. అందువల్ల షుగరు వేగంగా మారుతున్నప్పుడు రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనుకబడి చెబుతుంది. ఒంట్లో తేడాగా ఉండి, బిళ్ళ మాత్రం బాగుందని చెబితే, వేలు పొడిచి చూసుకోవాలి. రాత్రిళ్ళు షుగరు పడిపోయే వాళ్ళకు ఇది అలారం మోగిస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దలకు అదొక అండ. ఖర్చు మాత్రం తేలికది కాదు.

దీన్ని చూసి మోసగాళ్ళు ఒక ఎత్తు వేశారు. సూది లేకుండా, చర్మం కదపకుండా షుగరు చెప్పే చేతి గడియారాలు, ఉంగరాలు అని ప్రకటనలు. ఇలాంటివి వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి మందులు మార్చుకుంటే ప్రాణాపాయమని ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మా మిత్రుడొకరు అలాంటి గడియారం కొని తెచ్చి నాకు చూపించారు. దాన్ని ఆయన చేతి నుంచి విప్పి బల్ల మీద ఉన్న అరటికాయకు కట్టాను. అరటికాయకు షుగరు 104, బి.పి. 121/78 అని చూపించింది. ఆయన నవ్వారు గానీ, అప్పటికి పది రోజులుగా ఆ అంకె చూసి రాత్రి మాత్ర మానేస్తున్నారట. లేబరేటరీలో చూపిస్తే పరగడుపు షుగరు 236 ఉంది. నవ్వే విషయం కాదు.

వేలి క్లిప్పు కథ

2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ పుణ్యమా అని ఆక్సీమీటరు ప్రతి ఇంటికీ వచ్చింది. జపానులో తకువో అయోయాగి అనే ఇంజనీరు 1970ల మొదట్లో ఇంకేదో కొలవబోతే, నాడి కొట్టుకోవడం వల్ల ఆయన గీతలు అదిరిపోతూ ఉండేవి. ఆ అదురునే ఆధారం చేసుకుని, ధమని రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే ఉపాయం కనిపెట్టాడు. 1974లో దాన్ని ప్రకటించాడు. ఎరుపు కాంతి, కంటికి కనబడని పరారుణ కాంతి, రెండూ వేలిలోంచి పంపుతారు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం ఈ రెండు కాంతులనూ వేరువేరుగా మింగుతాయి. ఆ నిష్పత్తే మన అంకె.

ఇందులోనూ తిరకాసులున్నాయి. చేతులు చల్లబడినా, గోళ్ళకు రంగు ఉన్నా, చేయి వణికినా అంకె చెడుతుంది. చర్మం ఛాయ ముదురుగా ఉంటే ఉన్నదాని కంటే ఎక్కువ చూపవచ్చు. 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో, ఆక్సీమీటరు బాగుందని చెప్పినా నిజానికి ఆక్సిజన్ పడిపోయి ఉన్నవారు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. మన ఛాయలకు కూడా ఇది పట్టించుకోవలసిన విషయమే. క్లిప్పు 90 చూపితే అసలు విలువ సాధారణంగా 86కు, 94కు మధ్య ఎక్కడో ఉంటుంది. కాబట్టి ఆయాసంతో మాట రాని మనిషికి క్లిప్పు 96 చూపిందని ఊరుకోవద్దు. మనిషిని చూడండి, తరువాత మిషన్ను చూడండి.

రక్తపోటు, గుండె

ఇటలీలో రివా-రోచి 1896లో చేతికి పట్టీ కట్టి పాదరసంతో రక్తపోటు కొలిచాడు. రష్యాలో కొరోట్కోవ్ 1905లో స్టెతస్కోపుతో శబ్దం వినే పద్ధతి చెప్పాడు. ఇప్పటి ఇంటి మిషన్లు శబ్దం వినవు, పట్టీలో గాలి అదురును చదివి లెక్కగడతాయి.

ఇక్కడ తప్పు ఎక్కువగా మనిషిదే. మెట్లెక్కి వచ్చి, కాఫీ తాగి, చొక్కా చేయి పైన పట్టీ కట్టి, టి.వి. వార్తల మీద వాదిస్తూ చూసుకునే బి.పి. దండగ. మూత్రానికి వెళ్ళొచ్చి, అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా చూసుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపుతుంది. ఉదయం రెండు సార్లు, సాయంత్రం రెండు సార్లు, ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి, మిగతావి సగటు చూడాలి. ఇంటి సగటు 135/85 లేదా అంతకు మించితే డాక్టరుగారికి చూపించాలి.

పెద్దలకు ఇంకో సలహా. కూర్చున్నప్పుడు చూశాక, లేచి నిలబడి మూడు నిమిషాల లోపు మళ్ళీ చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే చెప్పండి. తెల్లవారుజామున బాత్‌రూముకు లేచి, కళ్ళు తిరిగి పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్న వాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు.

గుండె సంగతి. హాలండులో ఐంథోవెన్ తయారుచేసిన ఇ.సి.జి. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. దాన్ని నడపడానికి అయిదుగురు కావాలి. రోగి చేతులూ కాళ్ళూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టేవారు. దాన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళలేక, 1905లో ఆయన ఒక ఉపాయం చేశాడు. రోగి ఆసుపత్రిలోనే ఉండగా, కిలోమీటరున్నర దూరంలోని తన లేబరేటరీకి టెలిఫోను తీగ మీద గుండె సంకేతాన్ని రప్పించుకున్నాడు. ఫోనులో వైద్యం మొన్న పుట్టింది కాదు, నూట ఇరవై ఏళ్ళ కిందట పుట్టింది. తరువాత అమెరికాలో హోల్టర్ 1940ల చివర్లో వీపున మోసే యంత్రం చేశాడు, అది దాదాపు 38 కిలోలు. ఇవాళ అది చేతి గడియారంలో ఉంది.

గడియారం ఒక మంచి పని చేయగలదు. నాడి లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బును పసిగట్టడం. ఈ జబ్బులో గుండెలో గడ్డ ఏర్పడి మెదడుకు చేరి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 4,19,297 మంది గడియారాలు కట్టుకుంటే, నాడి లయ తప్పిందన్న హెచ్చరిక 0.52 శాతం మందికే వచ్చింది. వాళ్ళలో ఇ.సి.జి. పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవారిలో 34 శాతానికి ఆ జబ్బు కనబడింది. మిగిలినవారికి లేదని కూడా అనలేం, అది వస్తూ పోతూ ఉండే జబ్బు. కనుక హెచ్చరిక అంటే తీర్పు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళమన్న సమను.

కానీ ఒక్క మాట గట్టిగా చెబుతాను. గడియారం ఇచ్చేది ఒక్క గీత. ఆసుపత్రి ఇ.సి.జి.లో పన్నెండు గీతలుంటాయి. గుండెపోటును గడియారం పట్టలేదు. ఛాతీలో బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు పట్టినప్పుడు గడియారం చూస్తూ కూర్చోవద్దు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 బండి అందుకోసమే ఉంది.

ఫోను చేసే మేలు, చేసే చేటు

2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ప్రకటించింది. ఇ-సంజీవని ద్వారా ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద ఆసుపత్రి డాక్టరుతో మాట్లాడే వీలు వచ్చింది. అలా మాట్లాడేటప్పుడు, "బాగానే ఉందండీ" అనే కంటే, పది రోజుల బి.పి., షుగరు అంకెలు చదివి వినిపిస్తే డాక్టరుకు నిజంగా పనికొస్తుంది. 2023లో ప్రచురితమైన వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఇంతమందినీ నెలనెలా ఆసుపత్రికి రమ్మంటే ఏ ఆసుపత్రీ చాలదు. ఇంటి కొలతలు తప్పవు.

అయితే ఫోనులోకి ఎక్కించిన మన ఒంటి లెక్కలు ఎవరి చేతికి పోతాయన్నదీ చూసుకోవాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం చేశారు. చట్టం ఉన్నా, కనబడిన ప్రతి చోటా "సమ్మతం" అని నొక్కడం మన చేతిలో పనే. ఊరూ పేరూ లేని యాప్‌కు మన జబ్బు చరిత్ర ఇవ్వకండి. అలాగే 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు లేని వస్తువు కొనకండి.

సంఘానికి నా మనవి

చివరిగా కార్యవర్గానికి నాలుగు సూచనలు. ఒకటి, ఏడాదికొకసారి సభ్యులు తమ మిషన్లు తెచ్చుకుంటే, అక్కడికక్కడే లేబరేటరీ రక్త పరీక్షతో, సరిచూసిన బి.పి. యంత్రంతో పోల్చి చూసే కార్యక్రమం పెట్టండి. వచ్చి చేయడానికి నేను, నా పాత సహోద్యోగులు సిద్ధం. రెండు, మన శిబిరాల్లో వేలు పొడిచే సూది ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు. పెన్ను లాంటి పొడిచే పరికరం కూడా అందరికీ ఒకటే వాడకూడదు. హెపటైటిస్-బి అలాగే పాకుతుంది. భార్యాభర్తలైనా ఎవరిది వారికే. మూడు, సభ్యులకు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఇవ్వండి. తేదీ, వేళ, పరగడుపా భోజనానంతరమా, అంకె, ఒంట్లో ఎలా ఉంది, ఇంతే. ఫోను పాడైనా పుస్తకం పాడవదు. నాలుగు, ఒంటరిగా ఉంటున్న సభ్యుల జాబితా తయారుచేసి, వారికి రోజూ ఉదయం ఫోను చేసే మనిషిని ఒక్కొక్కరికి అప్పగించండి. ఏ సెన్సరూ చేయలేని పని అది.

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలయ్యాక, మనం బతికే ఉన్నామని ఖజానాకు యంత్రం ద్వారానే చెప్పుకుంటున్నాం. ఏడాదికొకసారి బతికున్నామని చెప్పడానికి ఒక యంత్రం, మిగతా రోజులు బాగా బతకడానికి ఈ చిన్న యంత్రాలు. రెండింటికీ వెనుక వేలు మనదే. ఆ వేలు శుభ్రంగా ఉంచుకుని, వచ్చిన అంకెను డాక్టరుగారితో కలిసి చదువుకుంటే మేలు. మీటరు చూసి మందు మానేయడం, మీటరు చూసి మందు పెంచడం, రెండూ మనంతట మనం చేయవద్దు.

 సందేహాలుంటే భోజనాల వేళ అడగండి, చేతులు కడుక్కున్నాక మిషన్లు కూడా చూద్దాం. సెలవు.